వనజంగి బురద వేరు, కొలరాడో మంచు వేరు

ప్రశ్న: మాది గాజువాక. డెన్వర్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను, సెలవులకి వైజాగ్ వచ్చాను. మే నెలలో నలుగురం కలిసి అద్దె ఎస్‌యూవీలో కొలరాడో కొండదారుల్లోకి వెళ్దామనుకుంటున్నాం. పాడేరు ఘాట్‌లోనూ, వనజంగి మట్టిదారిలోనూ బండి నడిపిన అలవాటుంది. ఇంకేం జాగ్రత్తలు కావాలి?

జవాబు: నాయనా, పాడేరు ఘాట్ అలవాటు పనికొస్తుంది, కాదనను. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టకుండా చిన్న గేరులో బండిని అదుపు చేయడం వచ్చిందంటే సగం పని అయినట్టే. చిక్కల్లా మన మాటతోనే. లంబసింగిలో తెల్లారి కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, కొలరాడోలో మోకాలిలోతు పడేదీ మంచే. అక్కడ స్టీరింగు పట్టుకున్నవాడికి ఇవి ఒకటి కావు. కొత్తగా పడ్డ పొడి మంచులో టైరుకి కాస్త పట్టు దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండకి కరిగితే జారుడు. రాత్రికి అదే గడ్డకట్టి నల్లటి రోడ్డు రంగులో కలిసిపోతుంది. దాని మీద నాలుగు చక్రాలూ తిరిగినా బండి ముందుకి పోతుందే గానీ ఆగదు. ఆపాల్సింది టైరే. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి చలి పెరిగేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు గుర్తు ఉందో లేదో బండి తీసుకునే ముందే వంగి చూడు.

ముందు డబ్బు సంగతి తేల్చుకో. చాలా అద్దె ఒప్పందాల్లో తారు రోడ్డు దిగొద్దనే షరతు ఉంటుంది. దిగాక ఏదైనా జరిగితే వాళ్ళు అమ్మిన కవరేజీ చెల్లకపోవచ్చు. రోడ్‌సైడ్ సాయం చాలావరకు తారు రోడ్డు దాకానే. కొండదారిలో ఇరుక్కున్న బండిని లాగించాలంటే బిల్లు వెయ్యి డాలర్లు దాటడం వింతేమీ కాదు. వెయ్యి డాలర్లంటే గాజువాకలో మీ ఇంటికి ఎన్నాళ్ళ ఖర్చో లెక్కేసుకో. కాబట్టి మట్టిదారికి అనుమతి ఉన్న జీపులే అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర తీసుకోండి. యూరే, సిల్వర్టన్ లాంటి ఊళ్ళలో దొరుకుతారు. రోజు అద్దె ఎక్కువే, నలుగురూ పంచుకుంటే మోయగలరు. ఒకటి మాత్రం గుర్తుంచుకో. కొలరాడోలో మనుషుల్ని వెతికి కాపాడే వాలంటీర్ బృందాలు డబ్బు తీసుకోవు. ప్రాణం మీదికొస్తే బిల్లు భయంతో అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయడం ఆలస్యం చేయకండి.

ఇక మే నెల. 13,114 అడుగుల ఇమోజీన్ పాస్ లాంటి ఎత్తైన కనుమదారులు మామూలుగా జూన్ ఆఖరుకో జూలైకో గానీ తెరుచుకోవు, వాటి ఆశ వదులుకోండి. కింది అడవిదారులకి మే అంటే బురద కాలం. ఏది ఎప్పుడు తెరుస్తారో ఫారెస్ట్ సర్వీస్ ఉచిత మ్యాపులో ఉంటుంది, టైర్ల నిబంధనలు రాష్ట్ర రవాణాశాఖ సైటులో ఉంటాయి, చూసుకో. సైటులో దొరకనిది ఒకటి చెప్తాను. తెల్లవారుజామున గడ్డకట్టి ఉన్న నేల బండి బరువు మోస్తుంది. పదకొండు దాటితే పైపొర కరుగుతుంది, కింద ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి నీరు ఇంకదు, దారంతా సబ్బు పూసినట్టవుతుంది. పొద్దున్న ఎక్కిన దారే మధ్యాహ్నం దిగనివ్వదు. అక్కడ మొదటి ఏడాది నేను టిఫిన్ చేసి తీరిగ్గా పదింటికి బయల్దేరేవాణ్ణి. అన్నిటికంటే ఎక్కువ డబ్బు తిన్నది ఆ అలవాటే.

నా రెండో తప్పు, టైర్లలో గాలి రోడ్డు మీద ఉన్నట్టే 35 పీఎస్‌ఐ ఉంచేయడం. మట్టిదారి మొదట్లోనే 25కి దించు, మంచు లోతుగా ఉంటే 20కి. గాలి తగ్గితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు పంచుకుని తక్కువ దిగుతుంది. 15 కంటే కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. తిరిగి తారు ఎక్కే ముందు గాలి నింపాల్సిందే, లేకపోతే హైవే వేగానికి పక్క గోడలు వేడెక్కి టైరు పగులుతుంది. పంపు కొనేటప్పుడు బ్యాటరీకి క్లిప్పులు పెట్టేది కొను. పెద్ద పంపుని లైటర్ సాకెట్‌కి తగిలిస్తే ఫ్యూజు పోతుంది.

బండి కదలకపోతే వెంటనే యాక్సిలరేటర్ వదిలెయ్. చక్రం ఊరికే తిరిగితే మంచు కరిగి అద్దంలా గడ్డకడుతుంది. బురదలోనైతే టైరు గాడులన్నీ పూడి గుండులా నున్నబడతాయి. దిగి, బండి పొట్ట నేలకి ఆనిందేమో వంగి చూడు. ఆనితే పొట్ట కింద పారతో తవ్వాల్సిందే, అది తేలేదాకా మిగతా తంటాలన్నీ దండగ. ఆ తర్వాత చక్రాల దగ్గర వాలుగా తవ్వి, పట్టుపలకలు (ట్రాక్షన్ బోర్డులు) టైరుకి ఆనేలా దూర్చి, చక్రం ఊరికే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌ని ఆపి (లేకపోతే అది ఇంజన్ బలాన్ని కోసేస్తుంది), ‘4-Lo’ అనే నాలుగు చక్రాల చిన్న గేరు వేసి మెల్లగా కదుపు. వచ్చిన చాళ్ళలోనే వెనక్కి రావడం తరచూ తేలిక, ఆ మంచు అప్పటికే అణిగి ఉంటుంది.

ఇంకో బండి లాగుతానంటే తాడు ఎక్కడ కడుతున్నారో నువ్వే చూడు. ట్రైలర్ తగిలించే గుండ్రటి బంతికి కట్టనివ్వొద్దు. అది విరిగితే తూటాలా వచ్చి మనుషుల్ని చంపిన సందర్భాలున్నాయి. లాగడానికే పెట్టిన కొక్కేనికే కట్టాలి, జనం తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరం జరగాలి.

రాత్రి బండిలోనే ఉండాల్సి వస్తే, ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్. అది పూడితే విషవాయువు లోపలికొస్తుంది, వాసన కూడా ఉండదు. గంటకి పది నిమిషాలు మాత్రం ఇంజన్ నడిపి, కిటికీ ఒక వేలు సందు తెరిచి ఉంచండి.

ఇంటికొచ్చే దారిలో, గంటకి 60 మైళ్ళ దగ్గర స్టీరింగు వణికితే కంగారుపడి మెకానిక్ దగ్గరికి పోవద్దు. చాలాసార్లు రిమ్ము లోపలి అంచున ఎండిన బురద అట్టకట్టి ఉంటుంది. పిడికెడున్నా చక్రం తూకం తప్పుతుంది. అది తెలియక నేను అలైన్‌మెంట్‌కి డబ్బు కట్టాను. నాణేలు వేసే కార్‌వాష్‌లో ఆపి, చక్రాల లోపలి వైపుకి, రేడియేటర్ ముందుకి గట్టిగా నీళ్ళు కొట్టించు. నాలుగైదు డాలర్ల పని.