641 దగ్గర దొరికిపోయే నంబర్

ప్రశ్న: సార్, 4294967297 ప్రైమ్ నంబరా కాదా? వందలోపు ప్రైమ్స్ అన్నిటితో భాగించి చూశా, దేనితోనూ పోవట్లేదు. ఎక్కడిదాకా చూడాలి? అసలు ఈ నంబర్‌కి స్పెషల్ ఏమన్నా ఉందా?

జవాబు: ప్రైమ్ కాదండీ. ఇంకాస్త ముందుకెళ్తే 641 దగ్గర దొరికేది. 641 × 6700417 వేసి చూడండి, సరిగ్గా మీ నంబరే వస్తుంది, ఆ రెండూ ప్రైమ్సే కాబట్టి ఇంక విడగొట్టడానికేం లేదు. రూల్ ప్రకారమైతే వర్గమూలం దాకా, అంటే 65536 దాకా చూడాలి, ఆ లోపు ప్రైమ్సే 6542 ఉన్నాయి, చేత్తో చేస్తే తల ప్రాణం తోకకొస్తుంది.

స్పెషల్ అంటారా, చాలానే ఉంది. ఇది 2 పవర్ 32 ప్లస్ 1. 2కి పవర్ 1, 2, 4, 8, 16 తీసుకుని ఒక్కోదానికి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి, అన్నీ ప్రైమ్సే. అది చూసి 17వ శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచ్ గణిత మేధావి ఇలా వచ్చేవన్నీ ప్రైమ్సే అయ్యుంటాయని గట్టిగా నమ్మాడు. పవర్ 16 తర్వాత పవర్ 32, అదే మీ నంబర్! 1732లో ఆయిలర్ అనే స్విస్ గణిత శాస్త్రవేత్త దీన్ని 641 భాగిస్తుందని చూపించేసరికి ఆ నమ్మకం కాస్తా పోయింది. ఆయిలర్ కనిపెట్టిన కిటుకేంటంటే, దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా సరే 64తో భాగిస్తే శేషం 1 రావాల్సిందే. అలాంటి ప్రైమ్స్ 193, 257, 449, 577, 641... ఐదోదే దొంగ.

భాగహారం చెయ్యకుండా కూడా తేల్చొచ్చు, నాకైతే ఇదే ముచ్చటేస్తుంది. 640 అంటే 5 × 2 పవర్ 7, అది 641కి ఒకటి తక్కువ కాబట్టి 641తో భాగిస్తే దాని శేషం మైనస్ 1 అనుకోవచ్చు కదా, దాన్ని నాలుగో పవర్‌కి తీసుకెళ్తే 625 × 2 పవర్ 28 అవుతుంది, శేషం 1. ఇప్పుడు 625 అనేది 641కి 16 తక్కువ, కాబట్టి దాని బదులు మైనస్ 16, అంటే మైనస్ 2 పవర్ 4 పెట్టేయొచ్చు, అప్పుడు మైనస్ 2 పవర్ 32కి శేషం 1 అని వస్తుంది, గుర్తు మారిస్తే 2 పవర్ 32కి శేషం మైనస్ 1, దానికి ఒకటి కలిపితే సున్నా. అయిపోయింది!

ఇంకోటి, ఇది 65536 వర్గం ప్లస్ 1 వర్గం, అలాగే 62264 వర్గం ప్లస్ 20449 వర్గం కూడా. ఇలా రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగితే ఆ నంబర్ ప్రైమ్ అయ్యే ఛాన్సే లేదు.

దీనికి రెండు తక్కువైన 4294967295 సంగతి ఇంకా తమాషా, పైన చెప్పిన 3, 5, 17, 257, 65537 ఐదిటినీ గుణిస్తే అదే వస్తుంది. కంప్యూటర్లో 32 బిట్లలో, అంటే 32 సున్నా-ఒకట్ల గళ్లలో పట్టే అతి పెద్ద నంబర్ కూడా అదే. అందుకని ప్రోగ్రాం రాసి చెక్ చేద్దామనుకుంటే 64 బిట్లు వాడండి, లేకపోతే మీ నంబర్ 32 బిట్లలో పట్టక ఒట్టి 1 అయి కూర్చుంటుంది.