పోయిన సొమ్ము వెనకే ఇంకొంత సొమ్ము: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్యలు వేస్తున్నానండి. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే వైరస్ రోగానికి పోయాయి. 14 లక్షలు మునిగాను. మా ఆవిడ ఇక చాలంటోంది. ఇప్పుడు ఆపేస్తే అదంతా పోయినట్టేగా? ఇంకొక్క పంట వేస్తే రాబట్టుకోవచ్చని నా ఆశ.
– ఒక రైతు, భీమవరం

జవాబు: ఆ 14 లక్షలు ఆపినా పోయినవే, వేసినా పోయినవే. చెరువుకు మీ పాత బాకీలు తెలియవు.

మనసు ఈ మాట ఒప్పుకోదు. కానేమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో దీన్నే సిద్ధాంతంగా రాశారు. పదివేలు పోయిన బాధ పదివేలు వచ్చిన సంతోషం కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. నష్టంలో ఉన్నవాడు మామూలప్పుడు ముట్టని రిస్కుకి కూడా చెయ్యి చాస్తాడు. సంక్రాంతి బరిలో పొద్దున ఓడినవాడు సాయంత్రానికి పందెం పెంచేది అందుకే. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో నాటకాల సీజన్ టికెట్లతో చేసిన పరీక్ష ఒకటి 1985లో అచ్చయింది. పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లు, తగ్గింపు ధరకు కొన్నవాళ్ల కంటే మొదటి నెలల్లో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు ఇద్దరికీ అవే. తర్వాతి నెలల్లో ఆ తేడా దాదాపు కనిపించలేదు. అంటే పెట్టిన డబ్బు మీద పట్టుదల కొన్ని నెలలకు చల్లారుతుంది. కాబట్టి దెబ్బ పచ్చిగా ఉన్న వారంలో సీడ్‌కి, అంటే రొయ్య పిల్లలకి, అడ్వాన్సు ఇవ్వకండి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. పాత నష్టం, వెనక్కి రాని లీజు డబ్బు ఇందులోకి రాకూడదు. ఇక ముందు చేతి నుంచి పడేదే రాయండి: సీడ్, మేత, కరెంటు, డీజిల్, మందులు, కూలి, మేత షాపులో అరువు తెస్తే దాని వడ్డీ. ఉదాహరణకి పంట నిలిస్తే 7 లక్షలు ఖర్చయి 10 లక్షలు వస్తాయి, మిగులు 3. మధ్యలో రోగం తగిలితే 5 లక్షలు ఖర్చయి, ఉన్న రొయ్యల్ని ఎమర్జెన్సీగా పట్టేస్తే 2 లక్షలు వస్తాయి, నష్టం 3. మూడు పంటల్లో ఒకటి పోతుందనుకుంటే మూడింటికీ కలిపి మిగిలేది 3 లక్షలు, పంటకు సగటున లక్ష. ఈ లెక్కన మీ 14 లక్షలు రావడానికి 14 పంటలు కావాలి. ఏడాదికి రెండు వేసినా ఏడేళ్లు. రెండింట ఒకటి పోయే చెరువైతే మిగిలేది సున్నా. అంకెలు మీవి వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ఎన్నింట ఒకటి పోతుందన్న దగ్గరే అందరూ తమను తాము మోసం చేసుకుంటారు. ఈసారి బాగుంటుందనే నమ్మకాన్ని లెక్కలోకి తేకండి. మీరు నీళ్లు తోడుకునే కాలువ మీదే ఆధారపడ్డ చెరువుల్లో గత రెండేళ్లలో ఎన్ని పంటలు వేశారు, ఎన్ని పోయాయి అని తిరిగి అడిగి రాసుకోండి. తర్వాత మీ చెరువులో ఏం మారిందో చూడండి. అడుగు పగుళ్లు తేలేదాకా ఎండిందా? సీడ్‌లో వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్ష చేయించారా? పీతలు రాకుండా గట్టు చుట్టూ వల కట్టారా? వైరస్‌ని మోసే వాటిలో పీతలు ముఖ్యం. ఏదీ మారకపోతే రోగం వచ్చే అవకాశమూ మారదు.

అన్నీ చూసుకుని వేద్దామనే తేలితే, సీడ్ దింపక ముందే ఆపే షరతు రాసి మీ ఆవిడ చేతికివ్వండి: "మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలి, గట్టు వార చచ్చిన రొయ్య కనబడి, ల్యాబ్‌లో వైట్ స్పాట్ అని తేలితే ఆ రోజే పట్టుబడి." ఈ రోగం ముదిరితే 3 నుంచి 10 రోజుల్లో చెరువంతా ఊడ్చేస్తుంది. ఆ గడియలో కూర్చుని నిర్ణయించుకోవడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న: గ్రూప్-2కి రోజూ పది గంటలు చదువుతున్నాను. వారానికే మర్చిపోతున్నాను. పండక్కొచ్చిన మేనత్తలు, బాబాయిలు "ఇంకా ఏం రాలేదా?" అంటుంటే తల తీసేసినట్టుంటోంది.
– ఒక అభ్యర్థిని, అమలాపురం

జవాబు: చదివిందే మళ్లీ చదివితే వచ్చేసినట్టుంటుంది. అది కళ్లకి అలవాటైన పేజీ, అంతే. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అచ్చువేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు వారం తర్వాత 40 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, పుస్తకం మూసి మూడుసార్లు గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 61 శాతం. అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం చదివినవాళ్లదే పైచేయి. మిమ్మల్ని మోసం చేస్తున్నది ఆ అయిదు నిమిషాలే.

నలభై నిమిషాలు చదవండి, పుస్తకం మూయండి, తెల్లకాగితం మీద పది నిమిషాలు రాయండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని గోదావరి జిల్లాల్లో ఎవరైనా చెబుతారు. దాని నాలుగు భాగాలూ – ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం – చూడకుండా రాయమంటే పెన్ను ఆగుతుంది. ఆగిన చోటే ఎర్ర గీత పెట్టి, ఆ ముక్క మాత్రం మళ్లీ చదవండి. మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు మళ్లీ రాయండి. రెండు నిమిషాలు గింజుకోకుండా జవాబు చూసేస్తే ఈ శ్రమంతా దండగ. పక్కనే కీ పెట్టుకుని బిట్లు చేయడం కూడా అంతే.

బంధువుల సంగతికి ఇంత బాధ అక్కర్లేదు. మనం అనుకున్నంతగా జనం మనల్ని గమనించరు. ఒక ప్రయోగంలో ఇబ్బందికరమైన బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థుల్ని గదిలోకి పంపితే, సగం మంది గమనించి ఉంటారని వాళ్లనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతు. "ఫలానా నెలలో పరీక్షండి అత్తా" అని తేదీ చెప్పి, ఆవిడ మోకాళ్ల నొప్పి గురించి అడగండి. సంభాషణ అటే పోతుంది.

ప్రశ్న: కాలవగట్టు మీద వాకింగ్ మొదలెడతాను, వారం తిరక్కుండా మానేస్తాను. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు, నిజమేనాండీ?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: నమ్మకండి. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని అంచనా వేశారు. ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. తప్పిన రోజున "ఇక నా వల్ల కాదు" అనుకోవడమే అసలు మానేయించేది. ఆరింటికని గడియారానికి ముడిపెట్టకండి, పాలవాడు ఆలస్యమైతే అదీ పోతుంది. కాఫీ గ్లాసు కడిగి బోర్లించగానే చెప్పులు వేసుకోవాలని పెట్టుకోండి. వానాకాలం గట్టు జారుతుంది కాబట్టి ఆ నాలుగు నెలలకి మేడ మీదో గుడి మంటపంలోనో నడవాలని ఇప్పుడే అనుకోండి. మొదటి వారం పది నిమిషాలు చాలు.