మద్యనిషేధమా, మద్యపాన నిషేధమా?

సందేహం: 1920ల నాటి అమెరికా గురించి ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అక్కడి ప్రొహిబిషన్‌ను ‘మద్యపాన నిషేధం’ అని రాస్తే, చదివిన మిత్రుడు ‘మద్యనిషేధం’ అని దిద్దాడు. రెండిటికీ తేడా ఉందా? ఆనాడు దొంగచాటుగా మద్యం పోసిన స్పీకీజీలను ‘బెల్టు షాపులు’ అనవచ్చా? జాజ్ సంగీతం మీదుగా ఆ దశాబ్దానికి వచ్చిన పేరు ‘జాజ్ యుగం’, ‘జాజు యుగం’ – వీటిలో ఏది సరి?

సమాధానం: మీ మిత్రుడి దిద్దుబాటు సరైనదే. మన పత్రికల్లో ఈ రెండు మాటలనూ ఒకదానికి బదులు మరొకటి వాడేస్తుంటారు. మామూలు వార్తల్లో దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. జాజ్ యుగపు అమెరికా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పాన’ అన్న రెండక్షరాలు అర్థాన్నే మార్చేస్తాయి.

1919 జనవరిలో ఆమోదం పొంది, ఏడాది తర్వాత 1920 జనవరి 17న అమల్లోకి వచ్చిన 18వ రాజ్యాంగ సవరణ నిషేధించినవి మద్యం తయారీ, అమ్మకం, రవాణా, ఎగుమతి దిగుమతులు. తాగడం అందులో లేదు. దాని అమలుకోసం చేసిన వోల్‌స్టెడ్ చట్టం కూడా, గడువుకు ముందే కొని దాచుకున్న సీసాలను సొంత ఇంట్లో ఖాళీ చేసుకునేవారి జోలికి పోలేదు. ఆ సంగతి తెలిసిన డబ్బున్నవాళ్లు ముందే నేలమాళిగలు నింపుకున్నారు. చర్చి ఆరాధనల్లో, యూదుల మతాచారాల్లో వాడే ద్రాక్షారసానికి మినహాయింపు ఉండేది. వైద్యుడు చీటీ రాసిస్తే మందుల దుకాణంలో విస్కీ దొరికేది. మన ‘మందు’ అనే మాటకున్న రెండర్థాలూ ఒకే సీసాలో ఇమిడిన కాలమది! ఇలా పానం నేరం కాని చోట ‘మద్యపాన నిషేధం’ అని రాస్తే, అమెరికన్లు చేయని చట్టాన్ని వారి తరఫున మీరు చేసినట్టు అవుతుంది. ‘మద్యనిషేధం’ అంటే ఆ చిక్కు లేదు. మద్యానికి సంబంధించి ఏ పనిని నిషేధించారో ఆ సమాసం చెప్పదు. మిగతా వాక్యం చెప్పుకుంటుంది.

అలాగని మీ మాట పనికిరానిదేమీ కాదు. మన రాజ్యాంగం 47వ అధికరణం ప్రస్తావించేది మత్తుపానీయాల వినియోగాన్నే. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం అమ్మకంతోపాటు కొనడాన్నీ తాగడాన్నీ నిషేధించింది. అక్కడ ‘మద్యపాన నిషేధం’ చక్కగా అతుకుతుంది.

ఇక స్పీకీజీని బెల్టు షాపు అనడం నాకు ససేమిరా నచ్చలేదు. బెల్టు షాపు అంటే లైసెన్సు ఉన్న దుకాణం నుంచి సరుకు తెచ్చి ఊళ్లో అనుమతి లేకుండా అమ్మే చోటు. పక్కన అనుమతి ఉన్న దుకాణం ఒకటి ఉంటేనే దాని మనుగడ. ఆనాటి అమెరికాలో అలాంటి దుకాణమే లేదు. పైగా స్పీకీజీ కొనుక్కుని వెళ్లిపోయే చోటు కాదు. గుర్తుమాట చెప్పి లోపలికి వెళ్లి, కూర్చుని తాగి, పాట విని, నాట్యం చేసే చోటు. అంతకుముందరి సెలూన్లు, అంటే అక్కడి మద్యశాలలు, చాలావరకు మగవాళ్ల అడ్డాలు. స్పీకీజీల్లో జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న యువతులు మగవాళ్ల సరసన కూర్చుని తాగారు. జాజ్ వాద్యబృందాలకు అక్కడ రాబడి దొరికింది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఓనీ మ్యాడెన్ అనే ముఠా నాయకుడి చేతిలో ఉన్న కాటన్ క్లబ్ చట్టాన్ని కాదని మద్యం పోసేది. 1927 డిసెంబరు నుంచి జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బృందం అక్కడ వాయించింది. వేదికమీద నల్లజాతి కళాకారులు, ఎదురుగా బల్లల దగ్గర తెల్లవారికి మాత్రమే ప్రవేశం. ఇంత తతంగాన్ని బెల్టు షాపులో ఎలా ఇరికిస్తారు?

స్పీకీజీ పేరులో ‘గొంతు తగ్గించి మాట్లాడు’ అనే ధ్వని ఉంది. మొదటిసారి ‘స్పీకీజీ అనే చాటు పానశాల’ అని రాసి, తర్వాత స్పీకీజీ అనే వాడుకోండి. పానం ఉండవలసింది ఇక్కడ. ‘చాటు పానశాల’ తెలుగు, సంస్కృత పదాలను కలిపిన వైరిసమాసమని ఎవరైనా కన్నెర్రజేస్తే ‘రహస్య పానశాల’ అనండి. నా ఓటు మొదటిదానికే. ‘నాటుసారా’ను కూడా వృథా చేయకండి. అపలాచియా కొండల్లో మొక్కజొన్నతో దొంగచాటుగా కాచిన మూన్‌షైన్‌కు అంతకన్నా తగిన మాట తెలుగులో లేదు.

‘జాజ్’ సంగతి చిన్నదే. బస్సు, బ్యాంకులాగా దీనికీ ఉకారం చేర్చాలని కొందరికి ఆశ. కానీ ‘జాజు’ అంటే గడపలకూ గోడలకూ పూసే ఎర్రమన్ను. ‘జాజు యుగం’ అంటే పాఠకుడు పురావస్తు తవ్వకాల గురించి అనుకోవచ్చు. ‘జాజ్ యుగం’ అనే ఉంచండి. ‘జ్యాజ్’ అని యవత్తు కూడా అక్కర్లేదు. ‘వచ్చాడు’లో ‘చ్చా’ను ఎలా పలుకుతామో, తాలవ్య జకారం మీది ఆకారాన్నీ అలాగే పలుకుతాం కదా.

మీరు అడగకపోయినా ఒక్క మాట. ‘1933తో అమెరికాలో మద్యనిషేధం ముగిసింది’ అని మాత్రం రాయకండి. ‘దేశవ్యాప్త మద్యనిషేధం’ అనండి. ఆ ఏడాది డిసెంబరు 5న ఆమోదం పొందిన 21వ సవరణ 18వ సవరణను రద్దుచేసి, నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. మిసిసిపీ రాష్ట్రం తన నిషేధాన్ని 1966 దాకా ఎత్తివేయలేదు.