ఆఫీసులో యోగా పనిచేస్తుంది, డ్యూటీ టైములో పెడితే

"మా ఆఫీసులో స్టాఫ్‌కి యోగా క్లాసులు మొదలుపెడతారట. దీనివల్ల నిజంగా టెన్షన్ తగ్గి పని పెరుగుతుందా, లేక పైపై హడావిడేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి" అని అడిగారు. టెన్షన్ తగ్గుతుంది, పనీ పెరుగుతుంది. నేను 1996లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుగా చేరి, ఇప్పుడు బ్రాంచి మేనేజర్‌గా ఉన్నాను. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే 2009 జనవరిలో ఒక సాయంత్రం జరిగింది చెప్పాలి.

అప్పుడు గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలో క్యాష్ కౌంటర్ నాది. సంక్రాంతికి ముందు వారం. పింఛనుకి వచ్చే పెద్దవాళ్లు, పత్తి అమ్మిన డబ్బు వేసుకునేవాళ్లు, పండక్కి తీసుకునేవాళ్లు. పొద్దున పదింటికి గేటు తీసింది మొదలు తల ఎత్తితే ఒట్టు. మంచినీళ్ల సీసా మూత కూడా తియ్యలేదు. ఇద్దరు క్యాషియర్లు ఉండాల్సిన చోట నేనొక్కదాన్నే. రెండోవాళ్లని వేస్తామని అప్పటికి ఏడాదిగా చెబుతున్నారు. ఇప్పుడు నా బ్రాంచిలోనూ అదే మాట వింటున్నాను.

సాయంత్రం లెక్క చూసుకుంటే 27,000 తక్కువ. బ్యాంకులో పనిచేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. క్యాష్ తక్కువైతే క్యాషియరే చేతి డబ్బు కట్టాలి. అది నా నెల జీతం కంటే ఎక్కువ.

కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కపెట్టాను. మొత్తం నాలుగుసార్లు లెక్కపెట్టాను, ఒక్కోసారి ఒక్కో లెక్క వచ్చింది. చెయ్యి వణికి స్పాంజి గిన్నె ఒలికి వంద నోట్లు తడిశాయి. చెత్తబుట్ట బోర్లించాను. బల్ల కిందకి దూరి వెతికాను. పొద్దున్నుంచి కిటికీ ముందుకొచ్చిన ఒక్కొక్కళ్ల మొహమూ గుర్తుచేసుకుని, వీళ్లకేమైనా ఎక్కువిచ్చానా అని అందరినీ అనుమానించాను. అందులో పాపం, నడవలేక మనవడి భుజం పట్టుకుని వచ్చిన ముసలమ్మ కూడా ఉంది.

మా హెడ్ క్యాషియర్ గారు ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలు, ఒకటి ఆయన దగ్గర ఉంటుంది. నా లెక్క తేలితేగానీ ఆయన ఇంటికి వెళ్లడానికి లేదు. అయినా విసుక్కోలేదు. దగ్గరికొచ్చి, "అమ్మాయ్, ఇక నోట్లు ముట్టుకోకు. అవి ఎక్కడికీ పోవు. ఇలా వచ్చి కూర్చో" అన్నారు.

"ఇప్పుడు కూర్చోమంటారేంటి సార్" అన్నాను, అప్పటికే గొంతు పూడుకుపోయింది.

"పది నిమిషాలు. ఆ తర్వాత నీ ఇష్టం."

కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కూర్చోబెట్టారు. భుజాలు కిందకి వదిలెయ్యమన్నారు. నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ గాలి లోపలికి, ఆరు అంకెలు బయటికి. కాసేపయ్యాక భ్రామరి చేయించారు. పెదాలు మూసి, చెవులు బొటనవేళ్లతో మూసుకుని, తుమ్మెద మోతలాగా సన్నగా గొంతులో శబ్దం చేస్తూ గాలి వదలడం. ముందు నా గుండె చప్పుడే నాకు వినిపించింది. తర్వాత ముక్కు దూలం దగ్గర ఆ మోత అదురుగా తెలిసింది. పళ్లు ఎంత గట్టిగా బిగబట్టుకుని ఉన్నానో అప్పుడుగానీ తెలియలేదు. దవడ వదిలేశాను.

ఎన్నో నిమిషమో చెప్పలేను, ఉన్నట్టుండి తట్టింది. ఇరవై ఏడు వేలు తొమ్మిదితో పోతుంది కదా!

లెక్కల్లో తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగిస్తే పోతోందంటే, ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఎవరైనా నేర్పే కిటుకు ఇది. కట్టలు విప్పి లెక్కపెట్టినంతసేపూ ఒక్కసారి కూడా గుర్తురాలేదు. లేచి నోట్లు వదిలేసి వోచర్ల కట్ట తీశాను. ఎరువుల కొట్టు కుర్రాడు కట్టిన స్లిప్పు మీద 14,500 ఉంది. నేను కంప్యూటర్లో కొట్టింది 41,500. డబ్బు ఎక్కడికీ పోలేదు, పొద్దున్నుంచీ నా దగ్గరే సరిగ్గా ఉంది. ఎంట్రీ రివర్స్ చేసి సరిచేశాం, స్ట్రాంగ్ రూమ్ మూసేసరికి ఎనిమిదయింది.

మీరడిగిన 'పని పెరగడం' అంటే నా లెక్కలో ఇది. గంటకి పది వోచర్లు చేసేవాళ్లు పదిహేను చేస్తారని కాదు. కంగారులో ఉన్న బుర్రకి ఒకే దారి కనిపిస్తుంది, దాన్నే పదిసార్లు తిరుగుతుంది. నేను నోట్లు నాలుగుసార్లు లెక్కపెట్టినట్టు. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. ఆ వదలడాన్ని పొడిగిస్తే ఒళ్లు సర్దుకుంటుంది, ఒళ్లు సర్దుకుంటే తెలిసిన విషయం గుర్తొస్తుంది. నేను మేనేజర్‌నయ్యాక చూసిన పొరపాట్లలో సగం పని రాక జరిగినవి కాదు, పని బాగా వచ్చినవాళ్లు కంగారులో చేసినవి.

ఇక మీ ఆఫీసులో ఎలా పెట్టాలన్నది. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల కోసమని 'వై బ్రేక్' అని అయిదు నిమిషాల పద్ధతి ఒకటి తెచ్చింది, 2021లో దానికి యాప్ కూడా వచ్చింది. తాడాసనం (నిటారుగా నిలబడి ఒళ్లు పైకి సాగదీయడం), భుజాలు తిప్పడం, నడుము తిప్పడం, నాడీశోధన (ఒక్కో ముక్కుతో మార్చి మార్చి ఊపిరి తీయడం), భ్రామరి, కాసేపు కళ్లు మూసుకుని కూర్చోవడం. చాప అక్కర్లేదు, బట్టలు మార్చుకోనక్కర్లేదు, చీరలో కూడా చేసుకోవచ్చు. మా బ్రాంచిలో దాన్నే పట్టుకున్నాం. పది గంటలకి కౌంటర్లు తెరుస్తాం కాబట్టి పదికి పది నిమిషాలుండగా ఒకసారి, సాయంత్రం క్యాష్ లెక్క చూసుకునే ముందు ఒకసారి. మోకాళ్ల నొప్పులున్న మా అటెండర్ కుర్చీలోంచి లేవకుండానే చేస్తాడు. ఓంకారం ఇబ్బందని ఒకావిడ చెబితే ఆ శబ్దం లేకుండా చేసుకోమన్నాను, ఊపిరికి మతమేముంది. ఏడాది తిరిగేసరికి మా దగ్గర రివర్సల్ ఎంట్రీలు, అంటే తప్పు కొట్టి మళ్లీ సరిచేసుకునేవి, బాగా తగ్గాయి. కస్టమర్లతో గొడవలూ తగ్గాయి. ఇది చాలావరకు యోగా వల్లేనని నా నమ్మకం. అదే స్టాఫ్, అదే రద్దీ.

నాకు బాధ కలిగించేది జూన్ 21, అంతర్జాతీయ యోగా దినోత్సవం వ్యవహారం. 2025లో విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది కూర్చుని చేశారు. టీవీలో చూస్తుంటే కళ్లు చెమర్చాయి. తప్పేమీ లేదు, చాలామందికి అలాగే మొదలవుతుంది. కానీ ఆఫీసుల్లో ఏం జరుగుతోంది? ముందురోజు రాత్రి తొమ్మిది దాకా టార్గెట్ల మీద రివ్యూ కాల్ పెట్టి, తెల్లారి అయిదున్నరకి టీషర్టు వేసుకుని గ్రౌండుకి రమ్మంటారు. ఫొటో తీసి గ్రూపులో పెట్టమంటారు. పిల్లల్ని ఇంట్లో వదిలేసి వచ్చిన అమ్మాయిలు వజ్రాసనంలో, అంటే మోకాళ్లు మడిచి మడమల మీద, కూర్చుని ఫోన్ వంక చూసుకోవడం నేను కళ్లారా చూశాను. జూన్ 22న ఎవరూ అడగరు.

పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు. మొదటిదే 'స్థిరసుఖమాసనం'. కదలకుండా, హాయిగా ఉండాలి అని. హాజరు వేసుకుంటూ చేయిస్తే అందులో సుఖమెక్కడిది?

కుర్చీల సంగతి కూడా చెప్పాలి. ఎత్తు సరిచేసుకునే లివర్ విరిగిపోయిన కుర్చీలో రోజుకి ఎనిమిది గంటలు కూర్చోబెట్టి, నడుం నొప్పికి భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తడం) నేర్పించడం అన్యాయం. మీవాళ్లు యోగా టీచరుకి ఇచ్చే డబ్బులో కొంత ముందు కుర్చీలకి పెట్టమనండి. అలాగే రాత్రి ఎనిమిది దాటాక ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టొద్దని పైవాళ్లు ఒప్పుకోవాలి. మా బ్రాంచి గ్రూపు వరకు నేను ఆ నియమం పెట్టాను. పై ఆఫీసు గ్రూపు నా చేతిలో లేదు, అక్కడ ఇప్పటికీ పదిన్నరకి కూడా మోగుతుంది.

ఇంకో మాట, మీ మేనేజర్ కూడా అందరితో పాటు కూర్చోవాలి. క్యాబిన్ అద్దంలోంచి చూస్తుంటే ఎవరికీ కళ్లు మూసుకోబుద్ధి కాదు. నేను మొదటి వారం అదే తప్పు చేశాను. ఫోన్ మాట్లాడుతూ లోపలే ఉండిపోయాను. బయట ఒక్కరూ సరిగ్గా చెయ్యలేదు. ఎనిమిదో రోజు నుంచి నా కుర్చీ కూడా హాల్లోకి తెచ్చుకున్నాను.

మీ ఆఫీసులో ఏ టైముకి పెడుతున్నారో రాయలేదు. లంచ్ టైములో గానీ, ఆఫీసు అయిపోయాక గానీ అంటే వద్దని చెప్పండి. పని గంటల్లోంచే పది నిమిషాలు ఇమ్మని అడగండి. ఇస్తే రెండు నెలలు చేసి చూసి ఇక్కడే రాయండి, నేను తప్పకుండా చదువుతాను.