పెరట్లో కంద తవ్వితే ఆ పూట వీధంతా అదే కూర

ఇంట్లో పండించుకునే దుంపల్లో మీ వంటకి, మీ ఊరికి బాగా దగ్గరైనది ఏది అని అడిగారు. మాకైతే కంద. మాది కోనసీమ. అక్కడ కొబ్బరితోటల్లో, అరటితోటల్లో అంతరపంటగా కంద వేసి అమ్మే రైతులు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది మాత్రం ఇంటి అవసరానికి పెరట్లో ఓ మూల వేసుకునే కంద గురించి.

మిగతా కూరగాయలకీ కందకీ అసలు తేడా సైజులోనే ఉంది. అరకిలో ముక్క పాతితే ఏడెనిమిది నెలల్లో కిలోల బరువున్న దుంప అవుతుంది. కొయ్యకుండా గాలి తగిలే చోట ఉంచితే నెలల తరబడి నిలవుంటుంది. ఒక్కసారి కత్తిపీట మీదికెక్కిందా, ఇక త్వరగా వాడేయాల్సిందే. నలుగురున్న ఇల్లు ఎంతని తింటుంది? అందుకే అమ్మమ్మ కంద కోసిన రోజు ముందు పక్కిళ్లకి ముక్కలు వెళ్లేవి, తర్వాతే మా పొయ్యి మీద గిన్నె ఎక్కేది. తీసుకున్నవాళ్లు ఊరికే ఉండరు. ఒకళ్లు బచ్చలి తీగ తెంపి ఇస్తారు, ఇంకొకళ్లు మర్నాడు అరటిపువ్వు పంపిస్తారు. సాయంత్రం గోడ అవతలి నుంచి "పిన్నీ, ఈసారి కంద అస్సలు దురద లేదే!" అని కేక వినబడితే అమ్మమ్మ ముఖం వెలిగిపోయేది.

దురదకి కారణం దుంపలో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. చేతులకి నూనె రాసుకుని, చెక్కు మందంగా తీసి, చింతపండు పులుసులో బాగా ఉడికిస్తే ఇబ్బంది ఉండదు. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకంలో దురద చాలా తక్కువ. కందంటే భయపడేవాళ్లు దాంతో మొదలుపెట్టండి.

ఇక కంద బచ్చలి కూర. గోదావరి జిల్లాల్లో పెళ్లి భోజనంలోనూ కార్తీక మాసం వనభోజనాల్లోనూ ఇది పడాల్సిందే. ముక్కలూ బచ్చలాకూ పసుపు వేసి మెత్తగా ఉడికించి, కాస్త మెదిపి, చింతపండు గుజ్జు కలపాలి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు దండిగా ఉండాలి. దించి, కొంచెం చల్లారాక అప్పుడే నూరిన ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగానే ఆవ వేస్తే ఘాటు పోయి చేదు వస్తుంది. ఇప్పుడు చాలామంది క్యాటరింగ్ వాళ్లు ఆ ఆవ మానేసి ఉత్త పోపుతో సరిపెడుతున్నారు. అది కంద బచ్చలి కాదని నా గట్టి అభిప్రాయం.

ఉసిరిచెట్టు కింద వండే రోజు మా వీధి ఆడవాళ్లంతా కత్తిపీటలు తెచ్చుకుని వరసగా కూర్చునేవారు. పెద్ద దుంపని ఇద్దరు పట్టుకుని చెక్కలు చేసి ఇస్తే మిగతావాళ్లు ముక్కలు తరిగేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి ఎవరింటి కోడలో, ఎవరికి ఏమవుతుందో అందరికీ తెలిసేది అక్కడే. ఆ పని ఒక్కరితో అయ్యేది కాదు కాబట్టే నలుగురూ కూర్చున్నారు, కూర్చున్నారు కాబట్టే మాటలు కలిశాయి. కందని నేను ఇంత ఇష్టపడేది రుచి కోసం ఎంతో, దీనికోసం కూడా అంతే.

ఇప్పుడు హైదరాబాద్‌లో పావుకిలో ముక్క కోయించుకుని తెచ్చుకుంటున్నాం. వంటకి సరిపోతుంది కానీ, పంచడానికి ఏమీ మిగలదు. అందుకే అపార్ట్‌మెంట్ మేడ మీద పెద్ద గోనెసంచుల్లో వేస్తున్నాను. మీరూ వేయొచ్చు. నడినెత్తిన ఉన్న మొలకలో కొంత భాగం ప్రతి ముక్కకీ వచ్చేలా కోసి, పేడనీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టి మే, జూన్ నెలల్లో పాతండి. పశువుల ఎరువు బాగా వేయండి, నీళ్లు మాత్రం నిలవనీయకండి. గొడుగులాంటి ఆకు పసుపు తిరిగి వాలిపోయాక తవ్వండి. పక్కన పిలకలు వస్తే వాటిని వచ్చే ఏడాదికి విత్తనంగా ఉంచుకుని, అడిగినవాళ్లకి కూడా రెండు ఇవ్వండి.