టెక్ సందేహాలు: కదిలింది మన చెయ్యా, ఎదుటి మనిషా?

తెనాలి నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శనకి రెండు వందల ఫొటోలు తీశాను. కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సే, ఆటో మోడ్‌లో పెట్టాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే సగానికి పైగా అలుక్కుపోయాయి. కెమెరా పాడైందా, నా చెయ్యి వణుకుతోందా? మూడు ఫొటోలు పంపుతున్నాను."

కెమెరా బాగానే ఉందండీ. మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను, మూడూ మూడు రకాలుగా పాడయ్యాయి. మొదటి దాంట్లో అమ్మాయి మసగ్గా ఉంది గానీ, ముందు వరుసలో కూర్చున్నావిడ జడలో మల్లెలు మొగ్గ మొగ్గా తెలుస్తున్నాయి. అక్కడ ఫోకస్ తప్పింది. షట్టర్ స్పీడ్ (వెలుగు కోసం షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్న లెక్క) ఎంత పెంచినా అది బాగుపడదు. రెండో దాంట్లో మృదంగం వార్లు లెక్కపెట్టొచ్చు, అమ్మాయి చేతులు మాత్రం పొగలా ఉన్నాయి. అంటే కెమెరా కదల్లేదు, అమ్మాయి కదిలింది. మూడో దాంట్లో స్టేజీ పైన కట్టిన సీరియల్ లైట్లు ప్రతి ఒక్కటీ ఒకే వైపుకి చిన్న తోకలా సాగింది. అది మీ చెయ్యి కదిలిన గుర్తు. ఫొటో చెడిందంటే ముందు ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే చేతికి ఒక స్పీడు చాలు, ఎదుటి మనిషికి ఇంకోటి కావాలి.

చేతి వణుకుకి ఫిల్ము కాలం నుంచీ ఒక లెక్క ఉంది. లెన్స్ ఎన్ని ఎంఎం దగ్గర ఉందో, షట్టర్ స్పీడులో గీత కింది అంకె కనీసం అంత ఉండాలి. 50 ఎంఎంకి 1/50, 200కి 1/200. ఇది 35 ఎంఎం ఫిల్ముకి పుట్టిన లెక్క. మీ కెమెరాలో ఫిల్ముకి బదులు వెలుగుని పట్టే సెన్సర్ ఆ ఫిల్ము కన్నా చిన్నది. అలాంటి కెమెరా నికాన్, సోనీ అయితే ఎంఎం అంకెని ఒకటిన్నరతో, కేనన్ అయితే 1.6తో హెచ్చించాలి. అలా 55 దగ్గర మీకు 1/80 నుంచి 1/100 దాకా వస్తుంది. నేనైతే ఇంకో రెట్టు వేసుకుంటాను. 24 మెగాపిక్సెల్ ఫొటోని తెర మీద పూర్తి సైజులో చూసినప్పుడు, పోస్టుకార్డు ప్రింటులో దాగిపోయే వణుకు కూడా బయటపడుతుంది.

ఇక అమ్మాయి కదలిక. కెమెరాని మీరు రాయిలా పట్టుకున్నా అది ఆగదు. ఆమె చెయ్యి సెకనుకి రెండు మీటర్ల వేగంతో విసిరిందనుకుందాం. షట్టర్ 1/30 సెకను తెరుచుకుని ఉంటే ఆ లోపల చెయ్యి ఆరున్నర సెంటీమీటర్లు జరిగిపోతుంది. అదే మీరు చూసిన పొగ. 1/250లో 8 మిల్లీమీటర్లు, 1/500లో 4. అందుకే నాట్యానికి 1/250 కన్నా కిందికి దిగొద్దు, గెంతులకీ గిరికీలకీ 1/500. డయల్‌ని ఆటో నుంచి తప్పించి ఎస్ మీద పెట్టండి (కేనన్‌లో టీవీ అని ఉంటుంది), స్పీడు మీరు చెప్పండి, ఐఎస్ఓ (వెలుగు చాలనప్పుడు ఫొటోని ఎంత ప్రకాశవంతం చెయ్యాలో చెప్పే అంకె) ఆటోలో వదిలెయ్యండి.

అప్పుడు ఐఎస్ఓ 800 నుంచి 6400కి ఎగబాకుతుంది, ఫొటోలో గింజలు పడతాయి. పడనివ్వండి. వాటిని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు. మా నాయనమ్మ నవ్వుతుండగా నేను తీసిన ఒకే ఒక్క ఫొటో 1/15లో తీశాను, ఐఎస్ఓ 400 దాటకూడదని పట్టుబట్టి. ముక్కుపుడక మెరుపు చెంప మీదుగా గీతలా సాగింది, కళ్లు రెండూ చెదిరిపోయాయి. ఆ నవ్వు మళ్లీ తీసే అవకాశం రాలేదు.

ఖర్చు పెట్టగలిగితే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొనండి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ వస్తుంది). చాలా కంపెనీల్లో చవగ్గా దొరికే లెన్సుల్లో అదొకటి. మీ 18-55 చివర్లో ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. దానితో పోలిస్తే ఇది దాదాపు పదింతల వెలుగు లోపలికి రానిస్తుంది, 6400 కావాల్సిన చోట 800 సరిపోతుంది. కొనలేకపోయినా ఒక దారి ఉంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు: జతులు. తీర్మానం (జతి ముగింపు) పూర్తయిన చోట నర్తకి ఒక్క క్షణం భంగిమలో నిలుస్తుంది. పళ్లెం అంచు మీద తరంగం ఆడేటప్పుడు కూడా పాదాలు నడుస్తుంటే పైదేహం నిలిచే క్షణాలుంటాయి. ఇంట్లో రోజూ సాధన వినే మీకు ఆ చోటు ముందే తెలుస్తుంది. అక్కడ 1/125 కూడా నిలబడుతుంది. బటన్‌ని పొడిచినట్టు నొక్కకుండా ఊపిరి వదులుతూ మెల్లగా నొక్కి, మూడు నాలుగు ఫొటోలు వరుసగా పోనివ్వండి. మొదటిది నొక్కుడు అదురుకి పోయినా, రెండోదో మూడోదో పదునుగా దొరుకుతుంది.

భీమవరం నుంచి ఒక పాఠకుడు: "కొల్లేరులో ఆటపాక వెళ్లి బోటులోంచి 70-300 లెన్సుతో గూడబాతుల్ని తీశాను. లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది, నాలుగు స్టాపులు అని రాశారు. 1/60 పెట్టినా అన్నీ మసకే. మోసపోయానా?"

మోసం లేదు. 300ని ఒకటిన్నరతో హెచ్చిస్తే 450, అంటే 1/500 కావాలి. నాలుగు స్టాపులంటే నాలుగుసార్లు సగం చేసుకోవచ్చని: 1/250, 1/125, 1/60, 1/30. కానీ అది మీ చేతి వణుకుని మాత్రమే కాస్తుంది. పక్షి మెడ తిప్పితే దాన్నేం చెయ్యలేదు. పైగా మీరు బోటులో ఉన్నారు. కూర్చున్న పక్షికైనా 1/500, ఎగిరేదానికి 1/1600 పెట్టండి. గూడబాతు రెక్క బరువుగా, నిదానంగా వేస్తుంది కనుక 1/1000 కూడా పనిచేస్తుంది. లకుముకి పిట్టకి 1/2500 అయినా కావాలి. పొద్దున ఎండ పడ్డాక ఐఎస్ఓ 400, 800లతోనే ఇవి వస్తాయి. ఇంకో సంగతి: ఇంజను నడుస్తుండగా మోచేతులు బోటు అంచుకి ఆనించకండి, ఆ అదురు నేరుగా కెమెరాకి పాకుతుంది. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఎడమ అరచెయ్యి లెన్సు కింద పెట్టుకోండి.

నిజామాబాద్ నుంచి: "ఫోన్లో రాత్రి పూట ఇల్లు, చెట్లు బాగా వస్తున్నాయి, పిల్లలు మాత్రం దెయ్యాల్లా వస్తున్నారు."

నైట్ మోడ్ చాలా ఫొటోలు వరుసగా తీసి ఒకటిగా కలుపుతుంది. ఇల్లు ఆగుతుంది, పిల్లలు ఆగరు. వాళ్లని తీసేటప్పుడు నైట్ మోడ్ ఆపేసి, దీపం దగ్గరికి పిలవండి. ప్రో మోడ్ ఉంటే 1/125 పెట్టండి. ఐఫోన్ సొంత కెమెరా యాప్‌లో స్పీడు మార్చే వీల్లేదు, వేరే యాప్ కావాలి. వీటన్నిటి కన్నా ముందు, లెన్సు మీద వేలిముద్ర తుడవండి.

డల్లాస్‌లో కూతురి దగ్గరికి వెళ్లిన హైదరాబాద్ పాఠకుడు: "ఇక్కడ ఉగాది వేడుకలో 1/100తో తీస్తే ఫొటోల మీద అడ్డంగా చీకటి చారలు. మా ఊళ్లో ఎప్పుడూ రాలేదు."

మన కరెంటు 50 హెర్ట్జ్, అక్కడిది 60. అందువల్ల చాలా దీపాలు ఇక్కడ సెకనుకి 100 సార్లు, అక్కడ 120 సార్లు మినుకుతాయి. ఆ మినుకుతో షట్టర్ పొంతన కుదిరితే చారలు పడవు. మన దగ్గర 1/50, 1/100 కుదురుతాయి. అక్కడ 1/60, 1/125 పెట్టండి, మనుషులు నిలబడి మాట్లాడుకుంటుంటే ఆ 1/125 చాలు. డాన్సులకి స్పీడు పెంచాల్సి వస్తే, మీ కెమెరా మెనూలో యాంటీ ఫ్లికర్ అనే అమరిక ఉందేమో చూసి ఆన్ చెయ్యండి.