పాత వ్యాన్‌లో చిక్కుకున్న గాలి

చిరంజీవికి ఆశీస్సులు.

గొట్టం మార్చిన దగ్గర్నుంచి వ్యాన్ వేడెక్కుతోందని రాశావు. కూలెంట్, అదే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు, నిండుగానే ఉందట, డ్యాష్‌బోర్డు వెనక గలగలమంటోందట, హీటర్ వేస్తే చల్లగాలి వస్తోందట. ఈ మూడూ కలిస్తే నాకు ముందు తోచేది ఆ నీళ్ల దారిలో గాలి చిక్కుకుందనే. ఇంజన్ విప్పే ఆలోచన అప్పుడే పెట్టుకోకు.

గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది. పాత వ్యాన్లలో చాలావాటికి ఇంజన్ సీటు కిందో వెనకో ఉంటుంది, రేడియేటర్ ముందు ఉంటుంది, మధ్యలో పొడుగాటి గొట్టాలు ఎక్కుతూ దిగుతూ పోతాయి. అందుకే కూలెంట్ పోసే మూత దాకా నీళ్లు కనిపించినా, అంతకన్నా ఎత్తున్న చోట గాలి కూర్చునే ఉంటుంది. పానా పట్టేముందు టార్చి పట్టుకుని గొట్టాల వెంట వెళ్లి ఆ ఎత్తైన చోటు కనిపెట్టు. సగం పని అక్కడే అయిపోతుంది. బ్లీడ్ స్క్రూ, అంటే గాలిని బయటికి వదిలే చిన్న మర, ఉంటే సాధారణంగా ఆ దగ్గర్లోనే ఉంటుంది. లేకపోతే పైనున్న హీటర్ గొట్టం క్లిప్పు కాస్త వదులు చేయాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టు. కూలెంట్ పోసే మూత వైపు బండిని ఎత్తులో నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టు. హీటర్ మీటను పూర్తి వేడికి తిప్పు, చాలామంది మర్చిపోయేది ఇదే. కొన్ని బండ్లలో అది మూసి ఉంటే హీటర్‌లోకి నీళ్లే పోవు. ఇక మెల్లగా పోస్తూ, గొట్టాలను చేత్తో పిసుకుతూ ఉండు. స్క్రూ దగ్గర బుడగలు ఆగి సన్నని ధార వచ్చాక బిగించు. మరీ బిగించకు, పాత ఇత్తడి స్క్రూ పుటుక్కున విరుగుతుంది.

తర్వాత మూత తీసే ఉంచి ఇంజన్ నిదానంగా తిరగనివ్వు. సుమారు 80 నుంచి 90 డిగ్రీల మధ్య థర్మోస్టాట్, అంటే వేడెక్కితే నీళ్లకు దారి తెరిచే కవాటం, తెరుచుకున్నప్పుడు మట్టం దిగుతుంది. అంత మేరా పోసి, పొంగకముందే మూత పెట్టేయి. వేడి చూపే మీటర్ ముల్లునే నమ్ముకోకు. సెన్సార్ గాలిలో ఉంటే ఇంజన్ మాడిపోతున్నా ముల్లు కదలకపోవచ్చు. హీటర్ నుంచి వేడిగాలి వస్తోందా, కింది గొట్టం వెచ్చబడిందా అని చూడు. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకు, కరెంటు ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

వేడి ఇంజన్ మూత మాత్రం తియ్యనే తియ్యకు బాబూ. లోపల ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న నీళ్లు, మూత వదులైన క్షణంలో ఆవిరై మొహానికి కొడతాయి. నా ముంజేతి మీది మచ్చ అలా వచ్చిందే.

కింద ఒలికిన కూలెంట్ కడిగెయ్. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి.

రెండు మూడుసార్లు చేసినా బుడగలు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ కింది దిమ్మకీ మధ్య ఉండే సీలు, పోయిందేమో మెకానిక్‌కి చూపించాలి, అప్పటిదాకా బండి నడపకు. ముందు ఇది చేసి, రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం ఎంత తగ్గిందో చూసి నాకు రాయి.

మీ మామయ్య